యంత్రశాలయు శ్రామికుని సంసారమును

పేరునుబట్టి చూడగా గాండ్లపెంట గానుగ ఆడించినవారి యూరు. వేరుసెనగ పండు కదిరి సీమలో అట్టి పేరు వింత కాదు. నూనెమిల్లులు వచ్చిన పిమ్మట గానుగలు మూలబడినవి. చౌకయైన నూనెను మనమందరమును కొనుక్కొంటిమి. గానుగవారి బిడ్డలు ఏ పనిలోనికి పోయిరో, ఎట్లు బ్రదికిరో విచారించినవారము కాము. ఇప్పు డా సీమ చేరువకే అంతకంటె పెద్ద యంత్రము వచ్చియున్నది. ఈ పర్యాయమైనను ఆ విచారణ సకాలమున జరుగవలెనని మా కోరిక.

2017 ఏప్రిలులో దక్షిణ కొరియా దేశపు కియా సంస్థ రాష్ట్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని పెనుకొండ మండలములోని ఎఱ్ఱమంచికడ కార్ల కర్మాగారమును నెలకొల్పెను. 536 ఎకరముల స్థలము, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటికి 3 లక్షల కార్లను తయారుచేయు శక్తి. 2019 ఆగస్టులో అక్కడినుండి మొదటి కారు అంగడికి వెడలెను. దాని వెంట విడిభాగములు చేయు అనుబంధ పరిశ్రమలును వచ్చినవి. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో, బోరు తరువాత బోరు వేసి అప్పులపాలైన రైతు కొడుకు బెంగుళూరు బస్సు ఎక్కుటకు మారుగా పెనుకొండ బస్సు ఎక్కుచున్నాడు. ఇది మంచిదే. దీనిని కాదనువారితో మాకు పొత్తు లేదు.

అయితే నేటి యంత్రశాల వెనుకటి యంత్రశాల వంటిది కాదు. ఇనుపరేకులను అతుకునవియు, రంగు పూయునవియు వందలకొలది యంత్రహస్తములు. వాని నడుమ నిలిచిన మనుష్యుడు వాని వేగమునకు తన వేగమును సరిచేసికొనవలయును. అతని రాకపోకలను గంటలు నిమిషములతో యంత్రమే వ్రాసికొనుచున్నది. యంత్రహస్తమునకు నూనె వేయుటకును, అరిగిన భాగమును మార్చుటకును, నిలిపి పరీక్షించుటకును యజమాని లెక్కపుస్తకములో ఒక పద్దు ఉండును. ఆ ప్రక్కనే నిలిచిన పాతికేండ్ల యువకునికి అట్టి పద్దు ఏది? అతని నడుమునొప్పికి, నిద్రలేమికి, నలుబదియవ యేట అతని చేయి మందగించిన దినమునకు ఎవ్వరు ఎంత తీసిపెట్టుచున్నారు? మేము అడుగునది దయాధర్మము కాదు. ఆ పద్దు మాత్రమే.

కార్ల పరిశ్రమ చరిత్రయే మా మాటకు సాక్ష్యము. 1913లో అమెరికాలో హెన్రీ ఫోర్డు తన కర్మాగారమున కదలెడి వరుసపై కార్లను కూర్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. పని వేగిరమయ్యెను గాని పనివారు నిలువరైరి. ఆ యేడు నూరుమంది స్థానములను నింపియుంచుటకు సుమారు 370 మందిని చేర్చుకొనవలసి వచ్చినది. 1914 జనవరి 5వ తేదీని ఆయన దినవేతనమును 5 డాలర్లు చేసి, పనిగంటలను తొమ్మిదినుండి ఎనిమిదికి తగ్గించెను. ఇది ఔదార్యమనువా రున్నారు. మాకది లెక్క తెలిసిన వర్తకుని పనిగా తోచుచున్నది. కాని అదే సంస్థ, ఆ వేతనమునకు పాత్రులెవరో తేల్చుటకు పనివారి యిండ్లకు ఉద్యోగులను పంపి, ఎవడు త్రాగుచున్నాడు, ఎవని యిల్లు శుభ్రముగా నున్నది అని విచారింపించెను. శ్రామికుని క్షేమము పేరిట అతని వంటింటిలోనికి తొంగిచూచుట ఆనాడే మొదలైనది. నేడు ఇల్లు తొక్కనక్కరలేదు. చేతిలోని సెల్‌ఫోను చాలును. క్షేమమును కోరువారు ఈ రెంటికిని నడుమగల గీటును మరువరాదు.

మన రాష్ట్రమున జరిగినదేమి? 2025లో శాసనసభ ఫ్యాక్టరీల చట్టమును సవరించి, దినమునకు తొమ్మిది గంటలుగా నుండిన పరిమితిని పదికి పెంచెను. వారమునకు 48 గంటలు దాటకున్నది గదా యని సమాధానము చెప్పిరి. కాగితముమీద అది నిజమే. కాని గాండ్లపెంటనుండియో ముదిగుబ్బనుండియో వచ్చువానికి పది గంటల పనికి రాకపోకల గంటలు చేరినచో, ఇంటిలో నిద్రకు మించి మిగులున దేమి? యంత్రము పనిని తేలిక చేయుననియే గదా దానిని తెచ్చితిమి! అది మిగిల్చిన కాలములో శ్రామికునకు ఒక గంటయైనను దక్కకపోగా, అతని దినమే పొడవగుట మాకు విపరీతముగా కనబడుచున్నది.

2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నాలుగు కార్మికస్మృతులలో మేలు లేకపోలేదు. ప్రతి శ్రామికునకును నియామకపత్ర మీయవలెను. నలుబదియేండ్లు దాటినవారికి ఏటేట ఉచితముగా వైద్యపరీక్ష చేయింపవలెను. నిర్ణీతకాలమునకు నియమింపబడిన ఉద్యోగికి గ్రాట్యుటీ పొందుటకు ఐదేండ్లు అక్కరలేదు, ఒక యేడు చాలును. ఈ కడపటిది చదివి పలువురు సంతసించిరి. కాని దానిని నింపాదిగా చదువవలెను. నిర్ణీతకాలపు ఉద్యోగి యనగా యజమాని స్వయముగా వ్రాతమూలమున నియమించినవాడు. కంట్రాక్టరు తెచ్చినవాడు వేఱు. 2022-23 నాటి ప్రభుత్వపు లెక్కలనుబట్టి మన దేశములోని నమోదైన కర్మాగారములందు నూటికి నలుబదిమందికి పైగా కంట్రాక్టరు క్రింది కూలీలే. కంట్రాక్టరు మారును, క్రొత్త కంట్రాక్టరు క్రొత్త పట్టికలో పేరు వ్రాయును, మనుష్యుడు మాత్రము అదే గేటులోనికి అదే వేళకు పోవును. మూడేండ్లు పనిచేసినవాని సర్వీసు కాగితముమీద పదునొకండు నెలలు! మేలు నియామకపత్రములోని ఒక్క పంక్తిపై ఆధారపడియున్నది. కావున మా పాఠకులలో కొడుకులను, అల్లుండ్రను పనికి పంపినవారు ముందుగా ఆ పత్రమును తెప్పించుకొని, క్రింద సంతకము ఎవరిదో చూడవలెను.

ఇ.ఎస్.ఐ. వైద్యము సంగతియు చెప్పవలసియున్నది. నెలకు 21,000 రూపాయల వేతనపరిమితి 2017 జనవరిలో ఏర్పడినది. ఆ తరువాత ఎనిమిదేండ్లు ధరలు పెరిగినను అది మాఱలేదు. వేతనము కొంచెము పెరిగి ఆ గీటు దాటినచో, కొంతకాలమునకు కుటుంబమునకు ఆసుపత్రి దూరమగును. పెంపు చేతికి వచ్చిన యేడే జబ్బు వచ్చెనేని, పెంపును జబ్బే తినివేయును. ఆ పరిమితిని ధరలతోపాటు కదలునట్లు చేయుట కేంద్రప్రభుత్వమునకు అసాధ్యమైన పని కాదు.

ఇక అప్పు. వెనుకటి దినములలో ధర్మవరపు నేతగాడు పట్టునూలుతోపాటు బయానాయు పుచ్చుకొని ఆ షావుకారునకే కట్టుబడియుండెడివాడు. నేడు వేతనము సెల్‌ఫోనుకు వచ్చును. అప్పిచ్చువాడును అదే సెల్‌ఫోనులో కాచుకొనియుండును. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులకు నియమములు చేసినది: సొమ్ము ఋణగ్రహీత ఖాతాకే నేరుగా చేరవలెను, వడ్డీయు ఖర్చులును ముందుగానే తెలుపవలెను, మనసు మారినచో కొలదికాలములోపల అపరాధరుసుము లేకుండ తిరిగి చెల్లింప వీలుండవలెను. ఈ మాటలు ఎంద రెఱుగుదురు? పనిచేయుచోటనే శ్రామికుల పొదుపు సంఘ మొకటి యుండి, అత్యవసరమునకు న్యాయమైన వడ్డీకి అప్పు దొరకునేని, సగము పీడ వదలును. సహకారసంఘములు మనకు క్రొత్తవి కావు, నేతగాండ్రకు లేవా?

యాజమాన్యమును, ప్రభుత్వమును అడిగినంతమాత్రమున మన పని తీరలేదు. పెనుకొండలోను హిందూపురములోను ఇండ్లు అద్దెకిచ్చు పట్టణవాసులను అడుగవలసినది కలదు. కర్మాగారము పేరు చెప్పి ఒక్కొక్క గదికి అద్దె రెట్టింపు చేసి, ఐదారుగురిని అందులో కుక్కుట ఏ న్యాయము? హిందూపురము ప్రాంతపు దుస్తుల కర్మాగారములలో వందలాది స్త్రీలు కుట్టుపని చేయుచున్నారు. ఒంటరి స్త్రీకి గది యీయమని చెప్పువారే, ఆమె కుట్టిన చొక్కాను తొడుగుకొని సభలకు పోవుచున్నారు. గ్రామములలోని పెద్దలకును ఒక మాట. కొడుకు జీతమంతయు బోరు అప్పుకు, పెండ్లి ఖర్చుకు వంతులు వేసికొని, అతని ఖాతాలో నెలాఖరుకు నూరు రూపాయలు మిగుల్పకుండుట మన యిండ్లలో జరుగుచున్నదే. భవిష్యనిధి సొమ్మును సయితము మధ్యలో తీయించి పెండ్లిపందిరికి ఖర్చుపెట్టించువారిని మే మెఱుగుదుము.

1918లో అహమ్మదాబాదు మిల్లుల పనివారు నూటికి 35 వంతుల పెంపును కోరి సమ్మె కట్టినప్పుడు, మహాత్మాగాంధిగారు మొదట లెక్కలు తెప్పించి చూచి, ఎంత న్యాయమో తేల్చుకొని, ఆ పిమ్మట పనివారి ప్రక్క నిలిచిరి. మన శ్రీ సత్యసాయి జిల్లాలో అట్టి లెక్క కట్టినవారు కనబడరు. పెనుకొండలో గది అద్దె యెంత, కదిరినుండి రాకపోకలకు పట్టు గంటలెన్ని, కంట్రాక్టరు పట్టికలో ఉన్నవారెందరు, వారిలో భవిష్యనిధి ఖాతా సంఖ్య తెలిసినవారెందరు అని కార్మికశాఖవారు ఒక్క నెల కూర్చుండి విచారించి, ఆ పట్టికను తెలుగులో ప్రకటింపవలెను. అది వెలువడిన నాడు మేము మరల వ్రాసెదము.