తొట్టిలో పాచి, నా మీద పేచీ

మొన్న ఆదివారం చుట్టాలొచ్చారు. హాల్లోకి రాగానే అందరి చూపూ ఉప్పునీళ్ళ అక్వేరియం మీదే. "ఏందమ్మా, గింత పాచి పట్టింది, కడుగుతలేవా?" అందొక పెద్దావిడ. అడిగింది నన్నే. తొట్టి తెచ్చిన మా ఆయన పక్కనే సోఫాలో కూర్చుని నవ్వుతున్నారు.

అత్వెల్లిలో ఇల్లు కట్టుకున్న ఏడాది ముచ్చటపడి తెచ్చారు. 60 లీటర్ల తొట్టి, రెండు క్లౌన్ చేపలు. ఇప్పుడు ఒకటే ఉంది. రెండోదాన్ని చంపింది నేనే, దాచుకోను. పోయిన దసరాకి ఇలాగే ఎవరో వస్తున్నారంటే సిగ్గేసి, అడుగున ఉన్న ఇసకంతా బకెట్లోకి తీసి నల్లా కింద బియ్యం కడిగినట్టు కడిగాను. నీళ్ళు తేటపడేదాకా. తొట్టి అద్దంలా మెరిసింది. మూడో రోజు చేప పైకొచ్చి నోరు తెరుచుకుని ఎగపోసింది. ఐదో రోజు పోయింది.

తర్వాత తెలిసింది. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఇసకలో ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. క్లోరిన్ కలిసిన నల్లా నీళ్ళతో దాన్ని నేను వదిలించేశాను, తోడుకి దాచిన పెరుగు గిన్నెను తోమేసినట్టు. శుభ్రం చెయ్యమని నన్ను తరిమినవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు.

అసలు పాచి మురికి కాదు. నైట్రేటు, ఫాస్ఫేటు దానికి ఎరువు. ఎండాకాలం హుస్సేన్ సాగర్ పచ్చబడి కంపు కొట్టేది మురుగుతో వచ్చిపడే ఆ ఎరువు వల్లే. దానికి గట్టు ఊడ్చే ఆమెను తిడతామా? మా ఇంట్లో ఎరువు వేసేదెవరు? పొద్దున ఆయన ఒక చిటికెడు, ఆఫీసు నుంచి వచ్చాక మరో చిటికెడు, "నాన్నా నేనూ" అని చిన్నోడు గుప్పెడు. చేప తినగా మిగిలిందంతా ఇసకలో కుళ్ళుతుంది. ముద్దు వాళ్ళది, గోకుడు నాది.

"ఇంట్లోనే ఉంటావుగా, పది నిమిషాల పని" అంటారు. వారానికి 6 లీటర్లు తీసి కొత్తవి పొయ్యాలి, లీటరుకి 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలిపి, సాంద్రత 1.025 వచ్చిందో లేదో చూసి. రోజూ ఆవిరైనంత మటుకు ఉప్పు లేని ఆర్వో నీళ్ళే పొయ్యాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. కరెంటు పోతే బ్యాటరీ పంపు పెట్టాలి. పది నిమిషాలట!

షాపు అబ్బాయేమో పాచి మందు సీసా అంటగట్టాడు. చచ్చిన పాచి నీళ్ళలోనే కుళ్ళి మళ్ళీ ఎరువవుతుందని చెప్పలేదు.

ఇప్పుడు నేను ఇసక కడగను. పైన అర అంగుళం మాత్రం, అదీ వారానికొక మూల, పైపుతో పీలుస్తాను. మీది మందంగా పరిచిన ఇసకైతే లోపలికి తవ్వకండి. గాలి ఆడని అడుగు నుంచి కుళ్ళిన గుడ్డు కంపుతో గ్యాస్ వస్తుంది, చేపలకి విషం. పైపైన కలియబెట్టడానికి నసేరియస్ నత్తలున్నాయి, అవి ఇసకలోనే కాపురం. కొత్త తొట్టిలో గోధుమరంగు పొడి కనిపిస్తే కంగారొద్దు, కొన్ని వారాల్లో అదే పోతుంది. ఎర్రగా జిగురు తెరలా కడితే అది పాచి కాదు, బ్యాక్టీరియా. పైపుతో లాగెయ్యండి. లైటు 8 గంటలు చాలు.

చుట్టాలు వెళ్ళాక చేపల తిండి డబ్బా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. బకెట్టూ పైపూ సోఫా పక్కన పెట్టి, ఈ వారం మీ వంతు అన్నాను. ఇవాళ గురువారం. బకెట్టు ఇంకా అక్కడే ఉంది, నేనూ ముట్టుకోలేదు.