అద్దంలాంటి నీళ్లు... అయినా కళ్ల మంట!

వేసవి సెలవులు. మనవలొచ్చారు. రుషికొండ దారిలోనో భీమిలి వైపో కట్టుకున్న ఇల్లు, పెరట్లో చిన్న ఈతకొలను. పొద్దున దిగిన పిల్లలు భోజనానికి పిలిచినా ఎక్కరు. రెండోరోజు సాయంత్రానికి ‘తాతయ్యా, కళ్లు మండుతున్నాయ్’ అని ఒకరు, ఒళ్లంతా దురదని ఇంకొకరు. తాతయ్య వాచ్‌మన్‌ని పిలిచి కోప్పడతాడు. ‘మందు తక్కువైనట్టుందండయ్యా, ఇంకో రెండు డబ్బాలేసేస్తాను’ అంటాడతను. వేసేస్తాడు కూడా. తెల్లారేసరికి నీళ్లు పాలు కలిపినట్టుంటాయి. మంట తగ్గదు సరికదా, ఇంకాస్త పెరుగుతుంది!

విశాఖలో ఈతకొలను ఇప్పుడు క్లబ్బులకీ హోటళ్లకీ పరిమితమైన వింత కాదు. విల్లాల్లో ఉంది, అపార్ట్‌మెంట్లలో ఉంది. కట్టించడానికి లక్షలు పోసినవారు కూడా నీటి సంగతి మాత్రం వాచ్‌మన్‌కి వదిలేస్తారు. అతనికేమో ఎవరూ ఏమీ నేర్పలేదు. అతనికి తెలిసిన మందు ఒక్కటే... బ్లీచింగ్ పౌడర్.

చిక్కంతా అక్కడే. అక్కడ తక్కువైంది క్లోరిన్ కాదు, ఎక్కువైంది పీహెచ్.

నీళ్లు పులుపు వైపున్నాయా, సున్నం వైపున్నాయా అని చెప్పే కొలతే పీహెచ్. ఏడు మధ్యస్థం. అంతకన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 1909లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త ఈ లెక్క కనిపెట్టాడు. మన ఇళ్లలో ఆడవాళ్లకి ఈ సంగతి వేరే రూపంలో ఏనాడో తెలుసు. కొత్త దంపతులు గుమ్మంలోకి రాగానే దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో కాస్త సున్నం కలుపుతారు కదా! ఎర్రబడతాయి. అది పీహెచ్ పరీక్షే. కొలను కోసం అమ్మే పరీక్ష పెట్టెలో పసుపుకి బదులు ఫినాల్ రెడ్ అనే చుక్కల మందు ఉంటుంది, అంతే తేడా. నీరు ఆమ్లం వైపుంటే పసుపుగా, క్షారం వైపుంటే ఎరుపుగా కనిపిస్తుంది.

ఈతకొలనులో పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. మన కన్నీళ్ల పీహెచ్ సుమారు 7.4. అందుకే ఆ దగ్గర్లో ఉంటే కళ్లకి హాయి. ఎనిమిది దాటితే మంట, దురద. టైల్స్ మీద తెల్లటి గార కడుతుంది... బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున చూస్తామే, అలాంటిదే. ఆ సున్నమే నీళ్లలో తేలితే పాలరంగు. ఫిల్టర్లోని ఇసుక గట్టిపడటమూ దాని వల్లే.

కళ్ల మంట కన్నా భయపడాల్సింది మరొకటుంది. నీళ్లలో కలిపిన క్లోరిన్ అంతా క్రిములని చంపదు. అందులో హైపోక్లోరస్ ఆమ్లంగా ఉన్న భాగమే చురుగ్గా పనిచేస్తుంది. పీహెచ్ 7.5 దగ్గర ఆ భాగం సుమారు సగం. ఎనిమిదికి చేరితే పాతిక శాతానికి లోపే. ఎనిమిదిన్నరయితే పదోవంతో, ఇంకా తక్కువో. అంటే డబ్బాలకి డబ్బాలు పోసినా కాపలావాడు నిద్రపోతున్నట్టే. నీళ్లు పైకి తేటగానే ఉంటాయి. విరేచనాలు, చెవిపోటు, చర్మవ్యాధులు తెచ్చే క్రిములు అందులో నిక్షేపంగా బతుకుతాయి. 2024, 2025ల్లో కేరళలో మెదడుని తినే అమీబా పిల్లల ప్రాణాలు సైతం తీసింది. చాలా అరుదైన జబ్బే. కానీ గోరువెచ్చగా ఉండి, క్లోరిన్ సరిగా పనిచేయని మంచినీళ్లంటే ఆ అమీబాకి ఇష్టం. విశాఖ వేసవిలో ఎండలో కాగే కొలనుకి గోరువెచ్చదనం కొదవా?

మరి పీహెచ్ ఎందుకు పెరుగుతుంది? గోలీసోడా కొట్టి పక్కనపెడితే కాసేపటికి బుడగలన్నీ పోయి చప్పబడుతుంది. నీళ్లలో కరిగున్న కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోవడమే కారణం. కొలనులోనూ అదే జరుగుతుంది. ఆ వాయువు కొద్దిపాటి పులుపుని ఇస్తుంది. అది పోయేకొద్దీ నీరు క్షారమవుతుంది. అందం కోసం పెట్టిన జలపాతం, ఫౌంటెన్, పిల్లల చిందులు... నీటిని ఎంత చిలికితే అంత వేగంగా పోతుంది. పెద్ద పరిశ్రమల్లో కూలింగ్ టవర్ల నీటికీ ఇదే బాధ. అక్కడ దీన్ని కనిపెట్టుకుని ఉండటానికి జీతమిచ్చి మనుషులని పెడతారు.

దీనికి బోరు నీళ్లు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలో సాధారణంగా క్షారత ఎక్కువ. ఏ బోరు సంగతి ఆ బోరుదే అయినా, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి వంటి జలాశయాల నీటితో పోలిస్తే తేడా తెలుస్తుంది. ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు కొలనులో ఎండకి రోజుకి అర సెంటీమీటరు నీరు తగ్గిందనుకుందాం. 90 లీటర్లు పోయినట్టు. ఆవిరయ్యేది నీరే, లవణాలన్నీ అక్కడే ఉంటాయి. పైగా మళ్లీ బోరు నీళ్లే పోస్తాం. బ్లీచింగ్ పౌడర్ కూడా తక్కువది కాదు. సున్నం మీదుగా క్లోరిన్ పంపి తయారుచేసేదే అది. వేసిన ప్రతిసారీ కాస్త సున్నం వేసినట్టే! కొత్తగా కట్టిన కొలనైతే సిమెంటు నుంచీ కొన్ని నెలల పాటు సున్నం ఊరుతూనే ఉంటుంది. ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసే యంత్రాలున్నచోట కూడా పీహెచ్ ఎగబాకడం మామూలే.

విరుగుడు హైడ్రోక్లోరిక్ యాసిడ్. పైన చెప్పిన కొలను సగటు లోతు 1.2 మీటర్లయితే పట్టేది 21,600 లీటర్లు. క్షారత మామూలుగా ఉంటే పీహెచ్ ఎనిమిది నుంచి 7.6కి దిగడానికి 30 శాతం పైబడిన గాఢత గల యాసిడ్ ఓ పెద్ద గ్లాసెడు చాలు. ముందు అందులో సగమే వేసి, పంపు నాలుగైదు గంటలు తిరిగాక మళ్లీ పరీక్షించాలి. బాత్రూంలు కడిగే రంగు యాసిడ్ మాత్రం వాడొద్దు.

యాసిడ్ వేసిన వారానికే పీహెచ్ మళ్లీ ఎక్కుతోందా? అయితే అసలు దొంగ క్షారత. అది లీటరుకి 80 నుంచి 120 మిల్లీగ్రాములుంటే చాలు. కొన్ని బోర్ల నీళ్లలో అంతకి రెట్టింపు, మూడింతలు ఉంటుంది. అలాంటప్పుడు యాసిడ్‌తో పీహెచ్‌ని 7.2కి దించి, ఫౌంటెన్ తిప్పి ఎక్కనివ్వాలి, మళ్లీ దించాలి. ఇలా కొన్నిసార్లు చేస్తే క్షారత తగ్గుతుంది, ఎక్కడమూ నెమ్మదిస్తుంది. ఓపిక కావాలి. కొందరు నీళ్లు తేటపడాలని వంటసోడా గుమ్మరిస్తారు. అది క్షారతని పెంచేదే!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. యాసిడ్‌, బ్లీచింగ్ పౌడర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియం యుద్ధరంగంలో సైనికుల మీదకి వదిలింది ఈ వాయువునే. 2020 మే 7 వేకువన ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మందిని పొట్టనబెట్టుకున్న ఊరికి విషవాయువంటే ఏమిటో ఒకరు చెప్పాలా? ఆ రెండు డబ్బాలూ ఒకే గదిలో, ఒకే మగ్గుతో ఉంచడమంత తెలివితక్కువ పని లేదు. బిళ్లల రూపంలో దొరికే క్లోరిన్‌ని బ్లీచింగ్ పౌడర్‌తో కలపడమూ ప్రమాదమే, పేలుతుంది. ప్లాస్టిక్ బకెట్లో ముందు నీళ్లు, ఆ తర్వాతే యాసిడ్. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు. పిల్లలు ఇంట్లోనే. వాచ్‌మన్‌కి ఆ తొడుగులు కొనిచ్చే బాధ్యత యజమానిదే. యాసిడ్ అమ్మేటప్పుడు కొనేవారి వివరాలు రాసుకోవాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి దుకాణంలో గుర్తింపు కార్డు అడిగితే విసుక్కోకూడదు.

‘ఈ గొడవంతా ఎందుకు, నీళ్లు తోడేసి కొత్తవి నింపేద్దాం’ అనుకునేవాళ్లూ ఉన్నారు. 21,600 లీటర్లంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు పైనే. పక్క వీధిలో బిందెలు వరసకట్టే ఎండాకాలంలో అది చూడ్డానికే బాగోదు. భూగర్భజలం పైకుండే చోట, అందులోనూ వానాకాలంలో, ఖాళీ కొలనుని కింది నీరు పైకి తోసి పగలగొట్టిన సందర్భాలూ ఉంటాయి.

వాననీరు మాత్రం వదులుకోకూడదు. అందులో క్షారత దాదాపు సున్నా. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. ఓ గొట్టం, ఓ జల్లెడ పెట్టి కొలనులోకి మళ్లిస్తే బోరు నీటితో నింపే పని చాలావరకు తప్పుతుంది. తొలకరి వాన మాత్రం డాబా కడిగి పోనివ్వాలి. పోర్టుకి దగ్గరి ఇళ్లయితే రెండు మూడు వానలు పోనివ్వడం మేలు, అక్కడి నల్లదుమ్ము ఒక్క వానకి వదలదు.