మార్చుకునే హక్కు సరే, తీరిక ఎవరిది?

2018 అక్టోబర్‌లో గ్నూ ప్రాజెక్టు వ్యవస్థాపకుడు రిచర్డ్ స్టాల్‌మన్, ఆ ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో చెప్పే కొన్ని సూచనలు ప్రకటించాడు. సౌమ్యంగా మాట్లాడమన్న ఆ సూచనలతో మనకు పేచీ లేదు. పేచీ అంతా వాటిని ప్రకటిస్తూ ఆయన అన్న మరో మాటతో. ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఫలానా సామాజిక వర్గం వాళ్లు లేకపోతే, దాన్ని ఏదో ఒకటి చేసి తీరాల్సిన సమస్యగా తాను చూడనన్నాడు. వచ్చినవాళ్లను బెదరగొట్టకూడదు, అంతవరకే. రానివాళ్లు ఎందుకు రాలేదన్నది ప్రాజెక్టుకు సంబంధించిన ప్రశ్న కాదట.

ఈ తర్కం మనకు కొత్త కాదు. కార్మిక సంఘాల్లో విన్నాం, పార్టీ ఆఫీసుల్లో విన్నాం, సాహిత్య సభల్లో విన్నాం. తలుపు తీసే ఉంది కదా, ఆడవాళ్లను రావద్దని ఎవరన్నారు? సమావేశం రాత్రి ఎనిమిదింటికి పెట్టి, చివరి బస్సు తొమ్మిదికి పోతుందని తెలిసి కూడా అమాయకంగా అడిగే ప్రశ్న ఇది. హక్కుల పత్రికలో సాఫ్ట్‌వేర్ గొడవ ఎందుకనుకునే మిత్రులకు నా జవాబు ఇదే. ఇంటి పని, జీతం లేని శ్రమ, నిర్ణయాలు చేసే చోటు గురించి మనం దశాబ్దాలుగా వాదిస్తున్నదంతా అక్కడ మరో వేషంలో ఉంది.

గ్నూ ప్రాజెక్టులో అన్నిటికన్నా పేరున్నది ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్. అక్షరాలు టైపు చేసి, దిద్ది, దాచుకోవడానికి వాడే ప్రోగ్రాం. అమెరికాలో ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో 1976లో మొదలైంది. ఇప్పుడు వాడుకలో ఉన్న గ్నూ ఈమాక్స్ 1985లో బయటికొచ్చింది. దాని ప్రత్యేకత ఏమిటంటే, వాడే మనిషే దాన్ని మార్చుకోవచ్చు. లోపల సి భాషలో రాసిన చిన్న గుండెకాయ ఉంటుంది. అది తెర మీద అక్షరాలు చూపించడం, జ్ఞాపకశక్తిని సర్దడం వంటి పనులు చూస్తుంది. దాని చుట్టూ ఉన్న మిగతా ఎడిటర్ చాలావరకు లిస్ప్ అనే భాషలో ఉంటుంది. ప్రోగ్రాం నడుస్తుండగానే ఆ లిస్ప్ భాగాన్ని మార్చుకోవచ్చు, కొత్త పనులు నేర్పవచ్చు. సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. వాడుకునే, చదివే, మార్చే, పంచే హక్కు లైసెన్సులోనే రాసి ఉంది. ఇది చిన్న విషయం కాదు. దీన్ని సాధించినందుకు స్టాల్‌మన్‌కు ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1978లో హనీవెల్ కంపెనీకి చెందిన బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్, మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం లిస్ప్‌లో ఒక ఈమాక్స్ రాశాడు. ఆయన ఆఫీసులోని సెక్రటరీలు దాన్ని వాడటం మొదలుపెట్టారు. ఎడిటర్‌ని ఎలా పొడిగించుకోవాలో చెప్పే పుస్తకం ఒకటి వాళ్ల చేతికొచ్చింది. అందులో ఎక్కడా ‘ఇది ప్రోగ్రామింగ్’ అని రాయలేదు. ప్రోగ్రామింగ్ మన వల్ల కాదనుకునే ఆ సెక్రటరీలు భయపడకుండా చదివారు, తమకు పనికొచ్చేవి చేసుకున్నారు, అలా ప్రోగ్రాంలు రాయడం నేర్చేసుకున్నారు. ఈ సంగతి చెప్పింది ఏ స్త్రీవాదో కాదు. 2002లో లిస్ప్ సదస్సులో మాట్లాడుతూ స్టాల్‌మనే చెప్పాడు, తన గ్నూ ఈమాక్స్‌కు ప్రేరణ ఇచ్చిన అనుభవాల్లో ఒకటిగా.

దీన్ని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నేను మాత్రం రెండు ప్రశ్నలు అడుగుతాను. ఆ భయం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? 1940లలో ఎనియాక్ కంప్యూటర్‌కు ప్రోగ్రాం చేసింది ఆరుగురు స్త్రీలు. అప్పుడది గుమాస్తా పనికి కాస్త పైమెట్టు. ఆ పనికి హోదా, జీతం వచ్చాక అది మగవాళ్ల బుర్రకు మాత్రమే అందే విద్య అయింది. మూడు దశాబ్దాలు తిరక్కుండానే, ఆ పేరు చెప్పకపోతే తప్ప ఆడవాళ్లు ముట్టుకోని స్థితి వచ్చింది. రెండో ప్రశ్న: ఆ సెక్రటరీల పేర్లేమిటి? గ్రీన్‌బర్గ్ పేరు ఉంది, స్టాల్‌మన్ పేరు ఉంది, కంపెనీ పేరు కూడా ఉంది. వాళ్లు మాత్రం ‘సెక్రటరీలు’. (ఈమాక్స్‌లో ఈనాటికీ ‘డాక్టర్’ అనే సరదా ప్రోగ్రాం ఉంది. మానసిక వైద్యుడిలా ప్రశ్నలు వేస్తుంది. దాని మాతృక ఎలైజాని 1966లో ఎం.ఐ.టి.లో జోసెఫ్ వీజెన్‌బామ్ తయారు చేశాడు. దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి వెళ్లమని ఆయన్నే అడిగిన సెక్రటరీ కథ ప్రపంచమంతా తెలుసు. ఆవిడా సెక్రటరీయే. పేరు లేదు.)

అసలు విషయానికొస్తే, ఈమాక్స్‌ని మార్చడంలో రెండు అంతస్తులున్నాయి. నా కంప్యూటర్‌లో నా అమరికల ఫైలులో నాలుగు పంక్తులు రాసుకుని నా ఎడిటర్‌ని నాకు తగ్గట్టు చేసుకోవడం ఒకటి. అందరికీ వెళ్లే సోర్స్ కోడ్‌లో మార్పు తేవడం రెండోది. మొదటిది ఇంట్లో వంటింటి అరలు మనకు వీలుగా సర్దుకోవడం లాంటిది. రెండోది ఇల్లు ఎలా కట్టాలో నిర్ణయించడం. సెక్రటరీలకు దక్కింది మొదటిది. పొడిగించుకునే ఎడిటర్ గురించి పొగిడే వాళ్లంతా మొదటిది చూపించి రెండోదీ ఉన్నట్టే మాట్లాడతారు. ఏ బటన్ నొక్కితే ఏం జరగాలి, కొత్తగా తెరిచిన మనిషికి ఏం కనబడాలి, ఏది లోపం, ఏది ‘మొదటి నుంచీ అంతే’ అన్నవన్నీ రెండో అంతస్తులోనే తేలుతాయి.

ఆ అంతస్తులో కూర్చున్నదెవరు? 2008లో స్టాల్‌మన్ నుంచి నిర్వహణ బాధ్యత తీసుకున్న స్టెఫాన్ మోనియే, చాంగ్ యిడాంగ్, 2015లో జాన్ వీగ్లీ, ఆ తరువాత ఎలీ జరెట్స్కీ. అందరూ మగవాళ్లే. ఒక్క ఈమాక్స్ సంగతే కాదు. యూరోపియన్ కమిషన్ నిధులతో జరిగిన ఫ్లాస్‌పోల్స్ అధ్యయనం 2006లో తేల్చిందేమిటంటే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో స్త్రీలు 1.5 శాతం. లాభం కోసం మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల్లో 28 శాతం. అంటే స్వేచ్ఛ పేరెత్తని చోట స్త్రీలు పద్దెనిమిది రెట్లు ఎక్కువ! 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలోనూ జవాబిచ్చిన వాళ్లలో 95 శాతం మగవాళ్లు, 3 శాతం స్త్రీలు. కంపెనీలు స్త్రీల పట్ల దయగలవని నేననడం లేదు. అక్కడ జీతం ఇస్తారు. తేడా అక్కడుంది.

ఈమాక్స్‌లోకి చెప్పుకోదగ్గ మార్పు ఒకటి పంపాలంటే ఏం కావాలో చూడండి. ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్ చదవాలి. మార్పు రాయాలి, పరీక్షించాలి, దాన్ని వివరించే పుస్తకభాగాన్నీ దిద్దాలి. నిర్వాహకులు లేవనెత్తే అభ్యంతరాలకు ఇంగ్లీషులో, అదీ వాదించే ఇంగ్లీషులో, రోజుల తరబడి జవాబులివ్వాలి. మార్పు సుమారు 15 పంక్తులు మించితే కాపీరైట్‌ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు రాసివ్వాలి. ఉద్యోగంలో ఉంటే యజమాని నుంచి కూడా హక్కు వదులుకుంటున్నట్టు కాగితం తేవాల్సి రావచ్చు. కోర్టులో లైసెన్సుని కాపాడుకోవడానికి ఇది అవసరమంటారు, ఆ వాదనలో నిజం ఉంది. కానీ మెటర్నిటీ సెలవు అడగడానికే జంకే అమ్మాయి, సాయంత్రం పూట ఊరికే చేసే పనికి అనుమతి పత్రం ఇమ్మని మేనేజర్ ముందు నిలబడుతుందా?

పైగా ఆ సాయంత్రం ఎక్కడుంది? మన దేశంలో కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. పిల్లల్ని, ముసలివాళ్లని చూసుకునే సమయం ఇందులో లేదు, దానికి వేరే లెక్క. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడిచేది ‘ఖాళీ సమయం’ మీద. ఒకరి ఖాళీ సమయాన్ని ఇంకొకరు వండి, ఉతికి, తుడిచి తయారు చేస్తున్నారు. ఆ లెక్కన ఈమాక్స్ సోర్స్ కోడ్‌లో పేరు తెలియని భార్యల, తల్లుల శ్రమ ఎంత కలిసి ఉందో ఎవరు లెక్కగట్టగలరు? అందులోనూ మన దగ్గర ఇంజనీరింగ్ చదువు, ఇంగ్లీషు, సొంత కంప్యూటర్, సొంత గది ఏ కులాల ఆడపిల్లలకు అందుతున్నాయో విడిగా చెప్పక్కర్లేదు.

నిర్వహణ అనే పనినే ఒకసారి చూద్దాం. దాని స్వభావం ఇంటి పనే. కొత్తది కట్టడం కాదు, ఉన్నది పాడవకుండా చూడటం. ఈరోజు దిద్దిన లోపం రేపు మరోచోట లేస్తుంది. చేస్తే ఎవరికీ కనబడదు, చేయకపోతే అందరికీ కనబడుతుంది. నలభై ఏళ్లుగా ఒక ప్రోగ్రాంని బతికించి ఉంచడం నిజంగా గొప్ప పని, ఆ మగవాళ్ల ఓపికకు నా గౌరవం ఉంది. కానీ ఇదే స్వభావం ఉన్న పని ఆడవాళ్లు చేస్తే దానికి బిరుదు ఉండదు. కోడ్ చుట్టూ ఉన్న పనిలో కూడా ఇదే తేడా. కెనడాలో ఉండే శాచా చువా 2015 నుంచి ఈమాక్స్ వార్తలు సేకరించి వారం వారం అందిస్తోంది, ఈమాక్స్ సదస్సుల నిర్వహణలో, ప్రసంగాలకు అక్షర రూపం ఇవ్వడంలో ముందుంది. వేలమంది వాడకందార్లను ఒక సమాజంగా కట్టి ఉంచే పని ఇది. దీన్ని అందరూ మెచ్చుకుంటారు. కోడ్ రాసినంత పనిగా ఎందరు లెక్కిస్తారు?

‘కోడ్‌కి ఆడా మగా తెలియదు, మంచిదైతే తీసుకుంటాం’ అనే వాదన ఎటూ వస్తుంది. గిట్‌హబ్‌లో పంపిన మార్పుల మీద 2017లో అచ్చయిన ఒక పరిశోధన చూడమనండి. మొత్తం మీద స్త్రీలు పంపినవి మగవాళ్లవాటి కంటే ఎక్కువ శాతమే ఆమోదం పొందాయి. అయితే ప్రాజెక్టుకు కొత్తవాళ్ల విషయంలో, పంపింది స్త్రీ అని పేరు, ఫొటో బట్టి తెలిసిపోతే ఆ ఆధిక్యం పోయి మగవాళ్ల కంటే కిందికి పడిపోయింది. కోడ్‌కి తెలియదు, నిజమే. చదివేవాళ్లకు తెలుసు.

ఇక వాతావరణం. 2009 జులైలో గ్రాన్ కనారియాలో జరిగిన డెస్క్‌టాప్ సదస్సులో స్టాల్‌మన్ తన అలవాటైన ‘ఈమాక్స్ చర్చి’ హాస్యం చేస్తూ, ఈమాక్స్ ఎన్నడూ వాడని ఆడవాళ్లను ‘ఈమాక్స్ కన్యలు’ అన్నాడు. వాళ్ల కన్యత్వం పోగొట్టడం పుణ్యకార్యమన్నాడు. కొందరు అక్కడే నొచ్చుకున్నారు, రాసి మరీ నిరసించారు. జోక్‌ని జోక్‌లా తీసుకోలేరా అన్నవాళ్లూ ఉన్నారు. ఎప్పుడూ ఉంటారు. అయినా నాకు జోక్ కంటే 2018 నాటి మాటే ఎక్కువ హానికరంగా కనిపిస్తుంది. జోక్‌కి క్షమాపణ అడగవచ్చు. ‘ఇది సమస్యే కాదు’ అనే విధానాన్ని ఏమని నిలదీస్తాం? నిర్మాణమే లేదన్న సంఘంలో అధికారం కనబడకుండా పనిచేస్తుందని జో ఫ్రీమన్ 1970లలో రాసింది మన స్త్రీల సంఘాల గురించి. ఇక్కడికీ అక్షరాలా సరిపోతుంది.

ఆ విధానం తప్పని రుజువు కూడా ఉంది. గ్నూ కుటుంబంలోనే పుట్టిన గ్నోమ్ ప్రాజెక్టుకు 2006లో గూగుల్ వేసవి కార్యక్రమం కింద దాదాపు 200 దరఖాస్తులు వచ్చాయి. ఒక్క స్త్రీ లేదు. అప్పుడు హానా వాలక్, క్రిస్ బాల్ అనే ఇద్దరు, స్త్రీల కోసమేనని చెప్పి, భృతి ఇస్తామని చెప్పి పిలుపునిచ్చారు. కొద్ది వారాల్లో సుమారు వంద దరఖాస్తులు! అంతకు ముందు కూడా తలుపు తీసే ఉంది. మారిందల్లా పిలుపు, డబ్బు. ఆ ప్రయత్నమే పెరిగి నేడు ఔట్‌రీచీ అనే పేరుతో నడుస్తోంది.

ఈమాక్స్ చరిత్రలోనే మరో రుజువు ఉంది, అది మన భాష దాకా వస్తుంది. ఒకప్పుడు ఈమాక్స్‌కు ఇంగ్లీషు, యూరప్ లిపులే లోకం. 1997లో వచ్చిన 20వ వెర్షన్‌లో బహుభాషా సామర్థ్యం చేరింది. దాని వెనుక ఉన్నది జపాన్ ప్రభుత్వ పరిశోధనాలయంలో పనిచేసిన హండా కెన్‌ఇచి బృందం. అవసరం ఉన్నవాళ్లే గుండెకాయలోకి వెళ్లి మార్చారు. అదీ జీతం తీసుకునే ఉద్యోగంలో ఉండి మార్చారు. ఇవాళ ఈమాక్స్‌లో తెలుగు టైపు చేసుకోవచ్చు. 2020 నాటి 27వ వెర్షన్ నుంచి ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చే హార్ఫ్‌బజ్‌నీ వాడుకుంటోంది. జపాను వాళ్లు ‘మేం లేకపోవడం సమస్య కాదు’ అనుకుని కూర్చుంటే ఇది జరిగేదా?

మరి మన సంగతి? మన సంఘాల కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, పత్రికల పాత సంచికలు ఎన్నో అను ఫాంట్లలో పేజ్‌మేకర్ ఫైళ్లలో చిక్కుకుని ఉన్నాయి. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులు. స్త్రీల ఉద్యమ చరిత్ర, మనం కొనుక్కున్నా మనది కాని అక్షరాల్లో ఉంది. దాన్ని బయటికి తీసే సాధనాలు రాయడం, వాటిని ఏటేటా పాడవకుండా చూడటం ఎవరి పని? మన శిక్షణా కార్యక్రమాలు చూడండి. కుట్టు మిషన్, బ్యూటీషియన్, ఆఫీసు ప్యాకేజీ, డీటీపీ. వాడటం నేర్పుతాం, మార్చడం నేర్పం. మనమూ ఆడపిల్లలకు మొదటి అంతస్తే చూపిస్తున్నాం. దాతలు ఇరవై కంప్యూటర్లు కొనడానికి డబ్బిస్తారు, ఫొటో కూడా తీసుకుంటారు. ఒక మనిషికి ఆరు నెలలు సోర్స్ కోడ్ చదవడానికి జీతమివ్వమంటే బడ్జెట్‌లో ఆ పద్దు లేదంటారు.

ఆ పద్దు పెట్టించాలి. వచ్చే ప్రతిపాదనలో కంప్యూటర్ శిక్షణ అని రాసేచోట, ఇద్దరు ముగ్గురు యువతులకు, వాళ్లలో దళిత, ఆదివాసీ, ముస్లిం యువతులకు ముందు చోటిచ్చి, ఏడాది పాటు పూర్తి జీతం, పిల్లలున్న వాళ్లకు క్రెష్ ఖర్చు అని రాయాలి. వాళ్ల పని తెలుగుకు సంబంధించిన లోపాలు వెతికి, దిద్ది, ఈమాక్స్ వంటి ప్రాజెక్టుల అసలు కోడ్‌లోకి పంపడం. ఆ సెక్రటరీల చేతికొచ్చినటువంటి పుస్తకం తెలుగులో రాయించాలి. అందులో మాత్రం మొదటి పేజీలోనే ఇది ప్రోగ్రామింగ్ అని స్పష్టంగా రాయించాలి. రాసిన వాళ్ల పేర్లు, చదివి తప్పులు చెప్పిన వాళ్ల పేర్లు, టైపు చేసిన వాళ్ల పేర్లు అట్ట లోపలి పేజీలో అచ్చు వేయించాలి.