చోదకుని నిద్ర, ప్రయాణికుని ప్రాణము

2025 డిసెంబరు మొదటి వారమున మన విమానాశ్రయములలో కలిగిన దురవస్థను పాఠకులు మఱచియుండరు. 3వ తేదీ మొదలు 5వ తేదీ వఱకు మూడు దినములలో ఇండిగో సంస్థ 2,507 విమానములను రద్దుచేసినది. మూడు లక్షలకు పైబడిన ప్రయాణికులు దారి గానక నిలిచిపోయిరి. శంషాబాదున శబరిమలకు బయలుదేరిన అయ్యప్ప భక్తులు సయితము వేచివేచి నిరసన తెలిపిరి. దేశమున యుద్ధము లేదు. చోదకులు సమ్మె కట్టలేదు. చిల్లర కారణములు కొన్ని చెప్పబడినవి గాని ముఖ్య కారణ మొక్కటియే. చోదకులకు చట్టము విధించిన విశ్రాంతి నిచ్చినచో, ఆ సంస్థ ప్రకటించిన ప్రయాణముల పట్టికకు చాలినంతమంది చోదకులు లేకపోయిరి.

ఈ విశ్రాంతి నియమములు హఠాత్తుగా ఊడిపడినవి కావు. పౌర విమానయాన డైరెక్టరేటు వారు వీనిని 2024 జనవరి 8వ తేదీననే ప్రకటించిరి. వారమునకు 36 గంటలుగా నున్న విశ్రాంతి 48 గంటలయినది. రాత్రి యనగా అర్ధరాత్రి మొదలు 5 గంటల వఱకని యుండగా 6 గంటల వఱకని సవరింపబడినది. రాత్రి విధులలో ఆఱుమారులు విమానమును దింపవచ్చునని యుండగా అది రెండునకు తగ్గింపబడినది. 2024 జూను 1వ తేదీకే ఇవి అమలునకు రావలసియుండెను. విమాన సంస్థలు మొఱపెట్టుకొనగా వాయిదా పడినవి. చోదకుల సంఘములు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన మీదట 2025 జూలై 1న కొన్నియు, నవంబరు 1న మిగిలినవియు అమలయినవి. అనగా రెండేండ్లకు రెండు నెలలు మాత్రమే తక్కువైన గడువు! తమ అంచనా తప్పినదనియు, ఏర్పాట్లలో లోపములు గలవనియు ఆ సంస్థయే పిదప అంగీకరించినది.

అప్పుడు ప్రభుత్వ మేమి చేసినది? 2026 ఫిబ్రవరి 10 వఱకు రాత్రి నియమములనుండి ఆ సంస్థకు మినహాయింపు నొసగినది. సెలవు దినమును వారపు విశ్రాంతిలో జమకట్టరాదను నిబంధనను ఉపసంహరించినది. తరువాత 2026 జనవరిలో 22 కోట్ల 20 లక్షల రూపాయల జరిమానా విధించిన మాటయు నిజమే. మూడు లక్షలమంది వీథినిబడియుండగా ఏదో యొక ఉపశమనము కావలసియుండెనని మేము నెఱుగుదుము. కాని ఆ ఉపశమనము దేనినుండి తీయబడినది? చోదకుని నిద్రనుండి. తప్పు యాజమాన్యముది, చెల్లించినది చోదకుడు, అపాయము పొంచియున్నది ప్రయాణికునికి. దేశములోని ప్రయాణికులలో నూటికి అఱువదిమందికి పైగా ఒకే సంస్థ విమానములలో తిరుగుచుండగా, ఆ సంస్థ నిలిచిపోయిన దేశమే నిలిచిపోవును. అట్టి సంస్థ యెదుట చట్టము తలవంచుట సులభము. తిరిగి తల యెత్తుటయే కష్టము.

నిద్ర యనునది విలాసమని తలచువారు 2010 మే 22వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. ఆనాటి ఉదయము దుబాయినుండి వచ్చిన విమానము మంగుళూరున రన్‌వే దాటి లోయలో పడి 158మంది మడిసిరి. ఎనమండ్రు మాత్రమే బ్రతికిరి. విమానము సరియైన రీతిని దిగుటలేదని తెలిసియు చోదకుడు ప్రయత్నమును మానకపోవుటయే కారణమని విచారణ సంఘము తేల్చినది. ప్రయాణములో చాలసేపు ఆయన నిద్రించియుండెననియు, ఆ నిద్రమత్తు ఆయన విచక్షణను మందగింపజేసియుండవచ్చుననియు ఆ సంఘమే చెప్పినది. తెల్లవారుజామున మనుష్యుని మెలకువ అడుగంటునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కళ్లమున కావలియున్న రైతు సయితము ఎఱుగని సంగతి కాదిది.

చోదకులు లక్షలు సంపాదించువారు, వారికై కన్నీరేల యని కొందఱనవచ్చును. మేము వారికై కన్నీరు విడువుమనుటలేదు. జీతము ఉభయులు కూర్చుండి బేరమాడుకొనవలసినది. హెచ్చయినను తగ్గయినను అది వారి వ్యవహారము. విశ్రాంతి యట్టిది కాదు. దాని మూలమున రక్షింపబడువాడు వెనుక వరుసలో పసిబిడ్డతో కూర్చున్న ప్రయాణికుడు. ఆ బేరములో అతనికి చోటులేదు. తనదికాని సొత్తును చోదకుడు అమ్మరాదు, యాజమాన్యము కొనరాదు, ప్రభుత్వము దానము చేయరాదు.

ఒప్పందములలోని న్యాయమును గూడ కొంచెము పరిశీలింతము. 2017లో డైరెక్టరేటు వారు విధించిన నియమము ప్రకారము ఉద్యోగము మానదలచిన ప్రధాన చోదకుడు ఒక సంవత్సరము ముందుగాను, సహచోదకుడు ఆఱు నెలలు ముందుగాను తెలుపవలెను. ప్రయాణికులకు అసౌకర్యము కలుగరాదని చెప్పిన కారణము. బాగుగనే యున్నది. ఒక్క చోదకుడు మానుటకు ఏడాది గడువు కావలెనన్నవారు, వేలకొలది చోదకుల విశ్రాంతిని సమకూర్చుటకు ఇరువదిరెండు నెలలు చాలలేదన్న సంస్థను ముందుగా ఏల నిలదీయలేదు? ప్రయాణికుల సౌకర్యమను త్రాడు ఒక్కరి కాళ్లకే కట్టదగునా?

ఇక మఱియొక యపాయము గలదు. తమ చోదకులు చాలనప్పుడు, చోదకులతోగూడ పరుల విమానములను అద్దెకు తెచ్చుకొను పద్ధతి యొకటి యున్నది. ఇండిగో వారు 2023 నుండి టర్కీ సంస్థ విమానములను ఆ సంస్థ చోదకులతోనే ఇస్తాంబూలునకు నడిపిరి. 2025లో దీనినిగూర్చి దేశమున గొప్ప కలకలము రేగినది. అందఱును ఆ విమానము ఏ దేశముదని యడిగిరిగాని, దానిని నడపువారి విశ్రాంతి ఏ దేశపు నియమములకు లోబడినదని యడిగినవారు అరుదు. ఇట్టి అద్దె విమానము సామాన్యముగా అద్దెకిచ్చినవారి అనుమతిపత్రము క్రిందనే, వారి దేశపు నియమములతోనే నడచును. పరదేశపు చోదకునియందు మాకు ద్వేషము లేదు. అతడును మనవానివలె పనిచేయువాడే. మన శంక యంతయు నియమముపైననే.

పని నొరుల కప్పగించుటవలన బాధ్యత ఎట్లు జాఱిపోవునో అమెరికా వారు రక్తముతో నేర్చుకొనిరి. 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి బఫలో నగర సమీపమున ఒక విమానము కూలి 50మంది మరణించిరి. టిక్కెట్లు కాంటినెంటల్ అను పెద్ద సంస్థ పేరనున్నవి. నడపినది కాల్గన్ అను చిన్న గుత్త సంస్థ. విమానమును నిలువరించుటలో ప్రధాన చోదకుడు విపరీతముగా ప్రవర్తించుటయే కారణమని తేలినది. సహచోదకురాలు అంతకు ముందటి రాత్రియంతయు దేశము నాచివరనుండి యీచివరకు ప్రయాణము చేసి విధికి వచ్చినదియు బయటపడినది. మృతుల బంధువులు పట్టు విడువక పోరాడగా 2010లో చట్టము వచ్చినది. విమానమును నిజముగా నడపు సంస్థ పేరు టిక్కెట్టు అమ్మునప్పుడే తెలుపవలసివచ్చినది. విశ్రాంతి నియమములు కొత్తగా వ్రాయబడినవి. అచ్చటి చోదకుల సంఘములు తమ ఒప్పందములలో, ఏ విమానములను తామే నడుపవలెనో, ఎన్నింటిని గుత్తకీయవచ్చునో ముందే వ్రాయించుకొనుచున్నవి. మన చోదకులకును అట్టి హక్కు ఉండదగును.

కాబట్టి మేము కోరునది స్వల్పము. చోదకుల సంఖ్య చూచిన పిమ్మటనే ప్రయాణముల పట్టికలకు అనుమతి నీయవలెను. అద్దె విమానమైనను మన ప్రయాణికుని ఎక్కించుకొన్నచో, మన విశ్రాంతి నియమమునకు తక్కువ కాని నియమమునే పాటింపవలెను. నడపువారి పేరు టిక్కెట్టుపై స్పష్టముగా నుండవలెను. విశ్రాంతికి సడలింపు నీయదలచినచో, ఆ సడలింపు వలన ప్రయాణికునికి అపాయము లేదని ప్రభుత్వము ముందుగా ప్రజలకు లిఖితపూర్వకముగా చూపవలెను.

రద్దయిన విమానము మఱునాడు ఎగురవచ్చును. ఆలస్యమైన పెండ్లి మఱియొక ముహూర్తమున జరుగవచ్చును. మంగుళూరు లోయలో పడినవారు తిరిగి రాలేదు. చోదకులు నిశ్చింతగా నిద్రించునట్లు ప్రభుత్వమువారు మేల్కొని యుందురుగాక!