సహజమైన ఇంగ్లీషు, స్పష్టమైన ఇంగ్లీషు

వ్యాకరణంలో ఏ తప్పూ లేకపోయినా వాక్యం ఎబ్బెట్టుగా ఉండొచ్చు. ఇంగ్లీషులో 'స్ట్రాంగ్ టీ' అంటారు గానీ 'పవర్‌ఫుల్ టీ' అనరు. కారు విషయానికొస్తే 'పవర్‌ఫుల్' అనే మాటే ముందు నోటికొస్తుంది. రెండు విశేషణాల అర్థం దగ్గరదగ్గరే అయినా, ఏది దేని పక్కన నిలవాలో వాడుక తేల్చేసింది. ఈ టీ ఉదాహరణను 1966లో భాషావేత్త హాలిడే ఇచ్చారు. పదం అర్థం కొంత దాని సావాసంలోనే ఉంటుందని అంతకుముందే చెప్పినవారు ఆయన గురువు జె.ఆర్. ఫర్త్. లండన్‌లో ఆచార్యుడు కాకమునుపు ఫర్త్ లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించారు. తెలుగు సంగతీ ఇంతే. కాఫీ తాగుతాం, సిగరెట్టూ తాగుతాం. దెబ్బలు మాత్రం తింటాం. ఎందుకని అడిగితే అదంతే అనడం తప్ప వేరే జవాబు లేదు.

అయితే ఇంగ్లీషు రాసే తెలుగువాళ్లు ఈ పదాల జతలను ఎంతవరకు పట్టించుకోవాలి? పూర్తిగా పట్టించుకోవాలనేవారి వాదనలో బలం ఉంది. బర్మింగ్‌హామ్‌లో భాషావేత్త జాన్ సింక్లేర్ బృందం లక్షల కొద్దీ పదాల ఇంగ్లీషు పాఠాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, దాని ఆధారంగా 1987లో కోబిల్డ్ నిఘంటువును తెచ్చింది. ఆ పరిశీలన నుంచి సింక్లేర్ గ్రహించింది ఏమిటంటే, మనిషి ఒక్కో పదాన్నీ విడిగా ఏరుకుని వాక్యం కట్టడం తక్కువ, సగం సిద్ధంగా ఉన్న పదబంధాలను అందుకోవడమే ఎక్కువ. చదివేవాడికీ ఆ అలవాటే ఉంటుంది. ఎదురుచూసిన పదం ఎదురుచూసిన చోట వస్తే అతని దృష్టి విషయం మీద నిలుస్తుంది, రాకపోతే ఒక్క క్షణమైనా మాట మీదికి మళ్లుతుంది. 'మేక్ ఎ డెసిషన్' బదులు 'డు ఎ డెసిషన్' అని రాసినా అర్థం కాకపోదు. కానీ అలాంటివి పేజీకి పది ఉంటే, రాసినవాడు పడాల్సిన శ్రమను చదివేవాడు పడుతున్నట్టే.

కొన్నిచోట్ల నష్టం శ్రమతో ఆగదు. మన విద్యార్థి తరగతిలో లేచి 'ఐ హావ్ ఎ డౌట్' అంటే హైదరాబాద్‌లో అది వినయమైన ప్రశ్న. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో అదే మాట ఆచార్యుడి చెవికి, చెప్పినదాన్ని నమ్మలేకపోతున్నానని అన్నట్టు వినబడొచ్చు. కాలేజీ నుంచి 'పాస్ అవుట్' అయ్యానంటే అక్కడ కొందరికి స్పృహ తప్పడమే గుర్తొస్తుంది. రెండోది నవ్వి వదిలేయదగ్గది. మొదటిది అలా కాదు, ఎందుకంటే అక్కడ అపార్థం జరిగిందన్న సంగతే ఇద్దరికీ తెలియకపోవచ్చు.

ఇంత ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. సహజం అంటున్నామే, ఎవరికి సహజం? మన ఆఫీసు ఉత్తరాల్లోని 'డు ది నీడ్‌ఫుల్' చూసి నవ్వేవాళ్లు, అది ఒకప్పుడు బ్రిటన్‌లోనే మామూలుగా చెలామణీ అయిన మాటని మరిచిపోతారు. అక్కడ వాడుక తగ్గింది, ఇక్కడ నిలిచింది. 'పరీక్ష రాయడం' నుంచి మనం తెచ్చుకున్నట్టుండే 'రైట్ ఎగ్జామ్' కెనడాలోనూ వినిపిస్తుంది. 'ప్రీపోన్' మన సొంతమనుకుంటే దాన్ని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులూ చేర్చుకున్నాయి. ఇంగ్లీషు ఇప్పుడు ఒక్క దేశం సొత్తు కాదనీ, భారతీయ ఇంగ్లీషుకు తనదైన నడక ఉందనీ భాషావేత్త బ్రజ్ కచ్రూ 1980లలోనే వాదించారు. ఇంగ్లీషువాళ్లు ఎంతో సహజంగా వాడే 'ఇట్ గోస్ వితౌట్ సేయింగ్' కూడా ఫ్రెంచి మాటకు మక్కికి మక్కి అనువాదమే. మన పత్రికల్లోని 'చర్యలు తీసుకోవడం' ఇంగ్లీషు అచ్చులో పోతపోసిందే అయినా ఇవాళ ఏ తెలుగు పాఠకుడి చెవికీ అది గుచ్చుకోదు. నిన్నటి ఎబ్బెట్టు ఇవాళ్టి వాడుక కావడం భాషలకు కొత్త కాదు.

ఈ వాదన నిజమే గానీ, దానితో అందరికీ పని జరగదు. వాడుక మారడానికి దశాబ్దాలు పడుతుంది. ఉద్యోగ దరఖాస్తును చదివే అధికారికి పట్టేది రెండు నిమిషాలు. ఇంగ్లీషు ఎవరి సొత్తూ కాదని ప్రొఫెసర్లు సదస్సులో చెప్పడం తేలిక, ఆ సూత్రాన్ని నమ్ముకుని రాసిన అమ్మాయికి ఉద్యోగం రాకపోతే నష్టపోయేది ప్రొఫెసర్లు కారు.

మాట తేడా వస్తే పోయేది ఉద్యోగమే కాకపోవచ్చు. ఇక్కడ ఒక విమాన ప్రమాదాన్ని తలచుకోవాలి. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో డచ్చి సంస్థ కేఎల్ఎం విమానం పరుగు మొదలుపెడుతుండగా దాని సహ పైలట్ కంట్రోల్ టవర్‌కు 'వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్' అన్నారు. ఎగరడం మొదలుపెట్టామని ఆయన ఉద్దేశం కావచ్చు. ఎగరాల్సిన చోట ఆగి ఉన్నామని కంట్రోలర్ అర్థం చేసుకున్నారు. ఆ వింత జతకు వెనక డచ్చి భాషలోని వాక్య నిర్మాణం ఉందని కొందరు భాషావేత్తల ఊహ. ప్రమాదానికి ఆ ఒక్క మాటే కారణమనడం అన్యాయం. పొగమంచు ఉంది, కిక్కిరిసిన చిన్న విమానాశ్రయం ఉంది, అనుమతి రాకుండానే కదిలిన కెప్టెన్ తొందర ఉంది, కీలకమైన క్షణంలో ఒకదాని మీద ఒకటి పడిన రేడియో సందేశాలున్నాయి. అయినా ఆ మాట స్పష్టంగా ఉండి ఉంటే కంట్రోలర్‌కు హెచ్చరించే అవకాశం ఒకటి దొరికేది.

సహజమైన ఇంగ్లీషు కావాలనేవారికి ఇది గొప్ప ఆధారంలా కనిపిస్తుంది. తర్వాత జరిగిన దిద్దుబాటు చూస్తే మాత్రం కథ మారుతుంది. పైలట్లందరినీ ఇంగ్లండ్‌వాళ్లలా మాట్లాడమని ఎవరూ అనలేదు. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప 'టేకాఫ్' అనే మాట వాడకూడదన్నారు, మిగతా చోట్ల 'డిపార్చర్' అనాలన్నారు. ఇది ఏ ఇంటి ఇంగ్లీషూ కాదు, కావాలని ఇరుకు చేసిన ఇంగ్లీషు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పైలట్లు కూడా తమ నుడికారాలను గాలిలో పక్కన పెట్టాల్సిందే. ఈ చర్చలో తరచూ తప్పిపోయే సంగతి ఇదే. స్పష్టతా సహజత్వమూ చాలాసార్లు కలిసే నడుస్తాయి గానీ, రెండూ ఒకటి కాదు. విడిపోయిన చోట ఏది ముఖ్యమో చెప్పడానికి పెద్ద తర్కం అక్కర్లేదు.

సహజత్వాన్నే గురిగా పెట్టుకుంటే కొన్ని వికటిస్తాయి కూడా. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో మార్కులిచ్చే ప్రమాణాల్లో ఈ పదాల జతల ప్రస్తావన ఉంది. విదేశీ చదువుల కోసం దాన్ని రాసే తెలుగు పిల్లలు ఊరూరా ఉన్నారు. ప్రమాణం మంచిదే. కానీ ప్రమాణం తెలిసిన వెంటనే దానికి దగ్గరి దారి కనిపెట్టడం కోచింగు సహజ గుణం. ఏ అంశమిచ్చినా అతికేలా బట్టీపట్టిన పదబంధాలు పుట్టుకొస్తాయి. వాక్యం నున్నగా సాగుతుంది, అందులో అభ్యర్థి ఆలోచన ఎక్కడుందో వెతుక్కోవాలి. పరీక్షకులు బట్టీని పసిగట్టి మార్కులు కోయగలరు, అది వేరే సంగతి. ముందే తయారై ఉన్న మాటలు రచయిత బదులు ఆలోచించేస్తాయని జార్జ్ ఆర్వెల్ 1946లోనే హెచ్చరించారు. సింక్లేర్ వర్ణించిన సౌకర్యమూ ఆర్వెల్ భయపడిన సోమరితనమూ ఒకే అలవాటు నుంచి పుట్టినవి. కాబట్టి ఒకరిని నమ్మి రెండోవారిని తోసేయడం కుదరదు.

తరగతి గదిలో ఈ తూకం ఇంకా సున్నితం. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్ల 'డిస్కస్ అబౌట్' అన్న ప్రతిసారీ టీచరు ఆపి 'అబౌట్' తీసేయిస్తే, ఆ పిల్ల తప్పు మానేయొచ్చు, మాట్లాడటమూ మానేయొచ్చు. పైగా ఇలాంటి జతలు ఇంగ్లీషులో వేలల్లో ఉన్నాయి. వాటికి సూత్రం లేదు కాబట్టి పాఠంగా చెప్పి ముగించలేం, విరివిగా చదివించడం ఒక్కటే దారి. అందుకు గ్రంథాలయం కావాలి, తీరిక కావాలి. అలాగని అసలు దిద్దకపోవడం దయ అనిపించుకోదు. పట్నంలో ఖరీదైన బడి పిల్లకు ఇంట్లోనే వంటబట్టేదాన్ని పల్లెటూరి పిల్లకు బడి కూడా నేర్పకపోతే, దూరం ఇంకా పెరుగుతుంది.

ఈ రెండు వాదనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అన్ని తప్పులనూ ఒకే ఎర్ర సిరాతో దిద్దడం సరికాదనిపిస్తుంది. అర్థాన్ని తలకిందులు చేసే జతను, చదివేవాడికి అపార్థం జరిగిందని కూడా తెలియనివ్వని జతను మొదటే, గట్టిగా దిద్దాలి. మందు చీటీ, ఒప్పందం, యంత్రం వాడే విధానం లాంటివి రాసేచోట సహజత్వం కోసం కూడా ఆగకుండా అతి సాదా మాటే వాడాలి. దరఖాస్తు, పరిశోధన పత్రం లాంటివి బయటివారు చదివి తీర్పు చెప్పేవి కాబట్టి, అక్కడ నిఘంటువు తెరిచి జత సరిచూసుకోవడంలో చిన్నతనం లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఇందుకోసమే 2002లో ప్రత్యేక నిఘంటువు వేశారు. కానీ మనలో మనం రాసుకునే ఉత్తరంలో, తెలుగు జీవితాన్ని ఇంగ్లీషులో చెప్పే కథలో మన చెవికి నప్పే జత ఉంటే దాన్ని తప్పనడానికి తొందరపడనక్కర్లేదు. గీత ఎక్కడ గీయాలన్నదాంట్లో ఇద్దరు మంచి ఉపాధ్యాయులు విభేదించొచ్చు. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దేవారు మాత్రం, అర్థం చెడిన వాక్యానికీ చెవికి కొత్తగా తగిలిన వాక్యానికీ ఒకే లెక్కన మార్కులు తగ్గించే అలవాటును మానుకోవాలి.