ఊపిరికి ఆడా మగా తేడా ఉందా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే అమ్మలూ అత్తయ్యలూ అక్కడి మాల్స్ గురించీ గుళ్ళ గురించీ బోలెడు కబుర్లు చెబుతారు. ఈసారి వెళ్ళినప్పుడు దగ్గర్లోని యూనివర్సిటీలో బ్యాండు కచేరీ ఏమైనా ఉందేమో కనుక్కోండి. తప్పకుండా చూడాల్సిందే.

బ్యాండనగానే మనకు పెళ్ళి ఊరేగింపు గుర్తొస్తుంది. ఇది వేరు. ముందు విండ్ బ్యాండ్ వాయిస్తుంది. ఇందులో వయొలిన్లు ఉండవు. ఫ్లూటు, క్లారినెట్, సాక్సఫోన్, ట్రంపెట్, ట్రాంబోన్, ట్యూబా... దాదాపు అన్నీ ఊదే వాద్యాలే, వెనక డ్రమ్ములు. ఆ తర్వాత బిగ్ బ్యాండ్ జాజ్. వీళ్ళు పదిహేడు, పద్దెనిమిది మందే. ముందు వరుసలో సాక్సఫోన్లు, దాని వెనక ట్రాంబోన్లు, ఆ వెనక ట్రంపెట్లు, పక్కన పియానో, గిటారు, బేస్, డ్రమ్స్. ఈ జాజ్‌ను డిగ్రీ చదువుగా నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం 1947లోనే మొదలుపెట్టింది.

సంగీతం ఎలాగూ వింటాం. కాస్త కళ్ళకు కూడా పని చెప్పండి. ఆడపిల్లలు ఎక్కడ కూర్చున్నారు? ఫ్లూటు, క్లారినెట్ వరుసల్లో బోలెడుమంది కనిపిస్తారు. ట్రాంబోన్, ట్యూబాల దగ్గరికొచ్చేసరికి పలచబడతారు. జాజ్ మొదలయ్యేసరికి చాలాచోట్ల వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

వాళ్ళకు చేతకాకనా? కాదు. బిగ్ బ్యాండ్‌లో ఫ్లూటుకు మామూలుగా విడిగా కుర్చీ ఉండదు. అవసరమైతే సాక్సఫోన్ వాయించేవాళ్ళే దాన్నీ అందుకుంటారు. అక్కడి బడుల్లో అయిదో తరగతో ఆరో తరగతో వచ్చేసరికి పిల్లలు వాద్యం ఎంచుకుంటారు. 'నాజూగ్గా ఉంటుంది, ఫ్లూటు తీసుకోవే' అని ఆనాడు ఇంట్లో అన్న మాట, ఇరవై ఏళ్ళకు ఒక తలుపు మూసేస్తుందన్నమాట. 1978లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనంలో పెద్దల్ని అడిగితే, అమ్మాయికి క్లారినెట్, ఫ్లూటు, వయొలిన్ అనీ, అబ్బాయికి డ్రమ్స్, ట్రాంబోన్, ట్రంపెట్ అనీ పంచిపెట్టారు!

అసలు కుర్చీయే లేని రోజులూ ఉన్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం తన కవాతు బ్యాండులోకి ఆడపిల్లల్ని రానిచ్చింది 1972లో. విద్యాసంస్థల్లో ఆడామగా వివక్ష కూడదని చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఒహాయో స్టేట్ 1973లో తలుపు తీసింది. అంతకు ఎంతో ముందే, 1937లో మిసిసిపీలోని ఒక బడిలో పుట్టిన 'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్' మొత్తం ఆడవాళ్ళ బిగ్ బ్యాండే. ఏడేళ్ళకే ట్రాంబోన్ పట్టిన మెల్బా లిస్టన్, 1956లో డిజ్జీ గిలెస్పీ బృందంతో పాకిస్తాన్ దాకా వచ్చి వాయించింది.

కుర్చీ దొరికాక మాత్రం నిశ్చింతా? జర్మనీలో మ్యూనిక్ ఫిల్హార్మోనిక్‌లో ట్రాంబోన్ ఉద్యోగానికి 1980లో తెర వెనక పరీక్ష పెట్టారు. 33 మందిలో నెగ్గింది ఆబీ కోనంట్ అనే మహిళ. తెర తీసి చూసి అవాక్కయ్యారు. 1982లో రెండో స్థానానికి దించారు. ఆవిడ కోర్టుకెక్కింది. తన ఊపిరితిత్తుల బలం సరిపోతుందని వైద్యపరీక్షలు చేయించుకుని మరీ నిరూపించుకోవాల్సొచ్చింది. వ్యాజ్యాలు పూర్తిగా తెమలడానికి 1993 దాకా పట్టింది. చెవికి నచ్చింది కంటికి నచ్చకపోవడమంటే ఇదే!

మనవాళ్ళేం తక్కువ తినలేదు. ఆడపిల్లకు వీణ, వయొలిన్ సరే. నాదస్వరం అంటే మాత్రం 'అది మగవాళ్ళ ఊపిరి కావాలి' అనేస్తాం. షేక్ చినమౌలానా శిష్యురాలు కాలీషాబీ భర్త మహబూబ్ సుభానీ పక్కనే కూర్చుని దశాబ్దాలుగా నాదస్వరం ఊదుతున్నారు. 2020లో దంపతులిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఊపిరి అనేది సాధనతో వచ్చేదే తప్ప మీసంతో వచ్చేది కాదు.

బిడ్డను కనేటప్పుడు ఊపిరి బిగబట్టే శక్తి ఉందని ఒప్పుకునే లోకం, బాకా ఊదేటప్పుడు మాత్రం ఎందుకు అనుమానిస్తుంది? అందుకే, అక్కడైనా ఇక్కడైనా, వాద్యం ఎంచుకునే రోజున పాపకు అన్నీ ఒక్కొక్కసారి ఊదే అవకాశం ఇవ్వండి. ఏది పలికితే దాని మొహం వెలుగుతుందో అదే దాని వాద్యం. అది ట్యూబా అయితే మోయడానికి కాస్త బరువే. మోయనివ్వండి.