మన చుట్టుపక్కల: షోలవరం గడ్డిమోపులు

షోలవరం అనగానే మీకేం గుర్తొస్తుంది? మద్రాసువాళ్లనడిగితే చెరువంటారు. ఎండలు ముదిరేసరికి పేపర్లో పూండి, షోలవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం అంటూ నీటిమట్టాలు వేస్తారు కదా, వాటిలో ఒకటి. 1996లో కృష్ణ నీళ్లు పూండికి చేరాక మనవాళ్లకి ఆ చెరువుల మీద ఇంకాస్త అభిమానం పెరిగింది. నెల్లూరు బస్సెక్కేవాళ్లనడిగితే రెడ్‌హిల్స్ దాటాక వచ్చే ఊరంటారు. తమిళంలో చోళవరం. ఇంగ్లీషువాళ్ల నోట షోలవరమైంది, మనకీ అదే అలవాటైపోయింది.

నాకు మాత్రం ఆ పేరు వింటే పెట్రోలు వాసన, కాలిన రబ్బరు వాసన, ఎండుగడ్డి వాసన మూడూ కలిసి వస్తాయి. ఒకప్పుడు దేశంలోకెల్లా పేరున్న కార్ల పందేలు ఆ ఊళ్లోనే జరిగేవంటే ఈనాటి పిల్లలు నమ్మరు. మా మనవడు నమ్మలేదు. అందుకే ఈసారి ఈ శీర్షికలో ఆ ముచ్చట.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాలు దిగడానికని షోలవరం దగ్గర పొడవాటి రన్‌వేలు వేశారు. యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్లిపోయాయి, రన్‌వే మిగిలింది. 1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఏర్పడింది. మోటార్ల పిచ్చి ఉన్న కొందరు చేరి పెట్టుకున్న క్లబ్బు అది. పందేలకు వాళ్లకి దొరికిన చోటు ఆ పాత రన్‌వేయే. అప్పటినుంచి మూడు దశాబ్దాలకు పైగా ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే షోలవరంలో తిరునాళ్లే. కలకత్తా, బొంబాయి, బెంగుళూరు, కోయంబత్తూరు నుంచి కార్లు వచ్చేవి. గొండాల్ రాజకుటుంబంవారు వచ్చేవారు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఫార్ములా వన్ పందేల్లో తిరిగిన ఎన్సైన్ కారును తెప్పించి ఇక్కడ నడిపారు.

మద్రాసుకే ఈ భాగ్యం ఎందుకు పట్టిందంటే కారణాలున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిళ్లు తిరువొత్తియూరులో తయారయ్యేవి. టైర్ల ఎం.ఆర్.ఎఫ్. పుట్టిందీ ఆ పక్కనే. స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు చేసిందీ మద్రాసువాళ్లే. ఇక ఏ బండికి ఏ సామాను కావాలన్నా పుదుపేట ఉండనే ఉంది. చేయి తిరిగిన మెకానిక్కులకు కొదవలేదు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉండేవారు. అందులో ఒకరు మా మామయ్య.

మామయ్య అమ్మకు తమ్ముడు. మౌంటురోడ్డు వెనక ఒక వర్క్‌షాపులో పనిచేసేవాడు. 1972లో, నాకు పదేళ్లప్పుడు, నన్ను షోలవరం తీసుకెళ్లాడు. ‘ఆడపిల్లని కార్ల పందేలకు తీసుకెళ్తావుట్రా?’ అని అమ్మ కేకలేసింది. కేకలేస్తూనే పులిహోర మూటకట్టింది. వర్క్‌షాపు వ్యాన్లో, టైర్ల మీద కూర్చుని వెళ్లాను.

ఆ రోజుల్లో మన దేశంలో కార్లంటే అంబాసిడరు, ఫియట్టు, హెరాల్డు, అంతే. విదేశీ కారు దిగుమతి చేసుకోవడం మామూలువాళ్ల వల్ల అయ్యే పని కాదు. కాబట్టి పందేల్లో చాలామటుకు పరుగెత్తినవి మన వీధుల్లో తిరిగే ఈ కార్లే. వెనక సీటు, బంపర్లు, లోపలి అట్టలు పీకి బరువు తగ్గించేవారు. ఇంజను తలను అరగదీసి ఒత్తిడి పెంచేవారు. గాలి లోపలికి వెళ్లే దారులను గాజులా నున్నగా రుద్దేవారు. ఒక కార్బరేటరు ఉన్నచోట రెండు పెట్టేవారు. స్ప్రింగులు కుదించి బండిని నేలకు దించేవారు. పెళ్లివారిని స్టేషనుకి చేరవేసే 1,089 సి.సి. ఫియట్టే మామయ్య చేతిలో పడి నెల తిరిగేసరికి గుర్తుపట్టలేనట్టయ్యేది. అదంతా పుస్తకం చూసి చేసింది కాదు. చెవి పెట్టి విని చేసింది.

ట్రాక్ అంటే ఇప్పుడు టీవీలో చూస్తున్నట్టు ఊహించుకోకండి. కాంక్రీటు రన్‌వే, మలుపుల దగ్గర పేర్చిన గడ్డిమోపులు, పాత టైర్లు, తాళ్లు. తాళ్లకివతల జనం. చెట్లెక్కినవాళ్లు, వ్యాన్ల కప్పులెక్కినవాళ్లు, సోడాలవాళ్లు, వేరుసెనక్కాయలవాళ్లు. రన్‌వే పొడుగునా కార్లు దూసుకొచ్చి, చివర మలుపులో ఒక్కసారిగా బ్రేకు వేస్తుంటే చక్రాల దగ్గర పొగ లేచేది. నేను చెవులు మూసుకున్నాను. కళ్లు మాత్రం మూసుకోలేదు.

తర్వాత మూడేళ్లు వరసగా వెళ్లాను. 1976లో ఒక కారు బోల్తాపడింది. నేను ఆ ఏడాది వెళ్లలేదు, పరీక్షలు. నడిపినాయనకు తొడ ఎముక విరిగిందని, ప్రాణానికి ఏమీ కాలేదని విన్నాం. ఆ కారు మామయ్య తయారుచేసిందే. ఆ నెలాఖరుకి మామయ్య వర్క్‌షాపు మానేశాడు. ‘బంగారంలాంటి పని వదులుకున్నాడు, నిలకడలేని మనిషి’ అంది అమ్మ. ఇంట్లో అందరూ అదే అన్నారు. పెద్దయ్యాక నేనూ అన్నాను. తర్వాత ఆయన ఒక బస్సు డిపోలో బ్రేకుల పనిలో చేరి, పాతికేళ్లపైన చేసి రిటైరయ్యాడు. షోలవరం పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. చుట్టాలింటికి ఎక్కడికెళ్లినా ముందు వాకిట్లో ఉన్న స్కూటరు బ్రేకు నొక్కి చూసి, తర్వాతే కాళ్లు కడుక్కునేవాడు. అదొక చాదస్తమని మేమంతా నవ్వుకునేవాళ్లం. మా అమ్మాయి పెళ్లిలో వరుడి కారు కిందికి దూరి, పంచెకి గ్రీజు అంటించుకున్నాడు కూడా.

షోలవరం కథకూ ముగింపు వచ్చింది. స్థలం క్లబ్బుది కాదు. ఏటేటా అడిగి తీసుకుని, గడ్డిమోపులు పేర్చుకుని, పందెం అయ్యాక ఎత్తేయడం. ఏళ్లు గడిచేకొద్దీ కార్ల వేగం పెరిగింది, జనం పెరిగారు. గడ్డిమోపులూ తాళ్లూ ఆ వేగాన్ని ఎంతకని ఆపుతాయి? క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంతంగా స్థలం కొని, 3.7 కిలోమీటర్ల ట్రాక్ కట్టుకున్నారు. 1990లో అది మొదలయ్యాక షోలవరం మూగబోయింది.

షోలవరం ఊరికే పోలేదనడానికి ఒక మనవాడి కథ చెప్పాలి. కోయంబత్తూరు లక్ష్మీ మిల్లుల కుటుంబం మీకు తెలుసు. తరాల కిందట వెళ్లి అక్కడి నల్లరేగడిలో పత్తి పండించి, మిల్లులు కట్టిన తెలుగు నాయుళ్లు. ఆ ఇంటి అబ్బాయి ఎస్. కరివర్ధన్. షోలవరంలో పోటీచేసిన మేటి డ్రైవర్లలో ఒకరు. తాను గెలిస్తే చాలనుకోలేదాయన. డబ్బున్నవాళ్లే పందేల్లోకి రాగలుగుతున్నారు, మామూలు కుర్రాళ్ల సంగతేమిటని ఆలోచించారు. 1980ల చివర, మారుతి 800 ఇంజను పెట్టి, ఒకే సీటున్న చిన్న రేసు కారును మన దేశంలోనే తయారుచేయించారు. ఫార్ములా మారుతి అన్నారు దాన్ని. అన్నీ ఒకేలాంటి కార్లు కావడంతో ఎవరి జేబు ఎంత బరువన్నది కాక, ఎవరి చేయి ఎంత నేర్పన్నది తేలేది. 1995లో చిన్న విమానం కూలి కరివర్ధన్ పోయారు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలో ఆయన పేరిటే కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. ఆ ఫార్ములా మారుతి కార్లలో తొలి అడుగులు వేసిన కోయంబత్తూరు కుర్రాడు నరేన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. ఆ ఏడాదే అమెరికా పందెంలో నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ రోజు టైర్ల గొడవవల్ల బరిలో ఆరు కార్లే మిగిలాయన్నది నిజమే. అయినా పాయింట్లు పాయింట్లే.

మొన్న సంక్రాంతికి నెల్లూరులో పెళ్లి ఒకటి చూసుకుని, కారులో తిరిగొస్తున్నాం. మామయ్యకు ఎనభై దాటాయి. షోలవరం దగ్గరపడేసరికి ‘అమ్మడూ, కాస్త ఆపమనమ్మా’ అన్నాడు. నలభై ఏళ్లకు పైగా ఆయన నోట ఆ ఊరి ప్రస్తావన వినని నేను ఆశ్చర్యపోయాను. అది రక్షణశాఖ స్థలం, లోపలికి పోనివ్వరు. రోడ్డు పక్కన కారాపి కూర్చున్నాం.

‘ఆ ఫియట్టు ముందు చక్రానికి బ్రేకు రబ్బరు కప్పు పోయింది’ అన్నాడు, ఎటో చూస్తూ. ‘పందేనికి మూడు రోజులుంది. పుదుపేటంతా తిరిగాను, కొత్తది దొరకలేదు. పాతదాన్నే కడిగి వేశాను. ప్రాక్టీసులో బాగానే పట్టింది. పందెంలో ఆరో చుట్టు, రన్‌వే చివర, పెడలు నేలకు దిగిపోయింది.’

నేనేమీ అనలేదు. కాసేపాగి మళ్లీ ఆయనే అన్నాడు: ‘పాతది వేసినందుకు కాదమ్మా. ఆ రోజుల్లో అందరం వేసేవాళ్లం. ఆయనకు చెప్పలేదు. చెబితే దిగడేమోనని చెప్పలేదు. ఆస్పత్రికెళ్తే నా చేయి పట్టుకుని, బండి బ్రహ్మాండంగా వెళ్లిందయ్యా అన్నాడు. అప్పుడూ చెప్పలేదు. మనిషి పోయి పదిహేనేళ్లవుతోంది. జీవితాంతం కుంటుతూనే నడిచాడు.’

‘అందుకేనా డిపోలో...’ అన్నాను.

‘పాతికేళ్లలో ఒక్క పాత కప్పు వేయలేదు’ అన్నాడు. ‘పోదాం పదండి, చీకటి పడుతోంది.’

దారిపొడుగునా నాకు స్కూటర్ల దగ్గర వంగి నిలబడ్డ మామయ్యే కనిపించాడు. మేం నవ్వుకున్న ప్రతిసారీ గుర్తొచ్చింది. నిలకడలేని మనిషి అన్న మాట మా అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. ఇప్పుడు దిద్దడానికి అమ్మ లేదు. కనీసం ఈ పేజీలోనైనా దిద్దాలనిపించింది. మామయ్యను అడిగితే, ‘పేరు లేకుండా రాస్తే రాసుకో. కుర్ర మెకానిక్కులెవరైనా చదివితే మంచిదే’ అన్నాడు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో హిల్స్‌బరో అనే చిన్న ఊరుంది. 1948లో అక్కడ ఈనో నది ఒడ్డున ఒక మట్టి ట్రాక్ మొదలైంది, పేరు ఆకనీచీ. అక్కడ పరుగెత్తినవీ దుకాణంలో కొని తెచ్చుకునే మామూలు కార్లే. వాటిని వాళ్లు స్టాక్ కార్లంటారు. ఆదివారంనాడు పందేలేమిటని ఊరి చర్చి పెద్దలు అభ్యంతరం చెబుతూ వచ్చారు. చివరికి 1968లో ఆఖరి పందెం జరిగి, నిర్వాహకులు వేరే రాష్ట్రంలో పెద్ద ట్రాక్ కట్టుకున్నారు. ట్రాక్ మీద చెట్లు మొలిచి అడవైంది. ఊరివాళ్లు దాన్ని చదును చేసి అమ్ముకోలేదు. 2002లో చారిత్రక స్థలాల జాబితాలో చేర్పించి, ఆ వలయాన్నే నడకదారి చేశారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ పిల్లలు అక్కడుంటే, వెళ్లినప్పుడు ఒకసారి నడిచి రండి.

మన షోలవరానికి నడకదారి లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం జరిగింది. 2024లో చెన్నై వీధుల్లో దీపాల వెలుగులో రాత్రి పందెం జరిగింది. చూసినవాళ్లలో ఎందరికి షోలవరం తెలుసో! గెలిచినవాళ్ల పేర్లు క్లబ్బు చిట్టాల్లో ఉంటాయి. ఇంజనుకి చెవి పెట్టి వినినవాళ్ల పేర్లు ఏ చిట్టాలోనూ ఉండవు. అవి మన ఇళ్లలోనే, పాత ట్రంకుపెట్టెల్లో, ఫొటోల వెనక ఉంటాయి.

అందుచేత పాఠకులకు ఒక మనవి. మద్రాసులోగానీ, కోయంబత్తూరు, బెంగుళూరుల్లోగానీ మీ ఇంట్లో షోలవరం ఫొటో ఏదైనా ఉంటే, వెనక ఎవరెవరున్నారో రాసి, దాని నకలు మన సంఘం కార్యాలయానికి పంపండి. అంతకంటే ముందు, ఇంట్లో పెద్దవాళ్లెవరిదైనా ఒక చాదస్తం చూసి మీరు నవ్వుకుంటుంటే, ఒక సాయంత్రం పక్కన కూర్చుని అదెక్కడ మొదలైందో అడగండి. నేను అడగడానికి నలభై ఏళ్లు పట్టింది. అసలు చెప్పాలంటే నేనడగలేదు, ఆయనే కారాపించాడు.